తెరుచుకోని ఫైళ్లు

“ఇవాళ కూడా ఫైళ్లు తెరుచుకోకపోతే నా పీహెచ్‌డీ గంగలో కలిసినట్టేనండి,” అంది తేజస్వి, తెనాలి స్టేషన్లో పక్కన కూర్చున్న మాణిక్యాంబతో.

“ఏం ఫైళ్లమ్మా?”

“ఫిట్స్ వచ్చేవాళ్ల తలకి వైర్లు పెట్టి తీసిన రికార్డింగులు. ఆ మిషను కంపెనీ ఎప్పుడో మూతపడింది. వాటిని చదివే ప్రోగ్రాం ఒక్కటే ఉంది. రేపల్లెలో సీమోను గారని, ఆయనే రాసి అందరికీ ఊరికే ఇచ్చారు. ఇప్పుడు అదీ మొరాయిస్తోంది.”

వడ్లమూడి యూనివర్సిటీలో గైడు పెట్టిన గడువు ఈ సాయంత్రమే. రోగుల ఫైళ్లు బయటికి పంపకూడదు. అందుకే సీమోను తనే వచ్చి, స్టేషన్లో కూర్చుని సరిచేస్తానన్నాడు. అతన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

రేపల్లె బండి వచ్చింది.

దిగిన జనంలో ఒకతను దబ్బున పడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి నురగ.

“ఫిట్స్! చేతిలో ఇనుము పెట్టండి!”

“నీళ్లు తాగించండి!”

పడ్డవాడి చుట్టూ అందరూ డాక్టర్లే!

“అమ్మాయ్, నీ చేతిలో ఆ స్కూటర్ తాళాలియ్యి!” అంది మాణిక్యాంబ.

“తాళాలతో తగ్గదండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నీళ్లు పొయ్యకూడదు.”

“చాల్లే, మాకు తెలీదా ఏంటి! ఇయ్యమ్మా!”

అక్కడ ఏం చెయ్యాలో తెలిసింది తేజస్వి ఒక్కతికే. కానీ అవతల సీమోను వెళ్లిపోతాడేమోనని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. తాళాలు మాణిక్యాంబ చేతిలో పడేసి గేటు వైపు పరుగెత్తింది.

లాప్‌టాప్ సంచి కనిపించిన ప్రతివాణ్నీ ఆపింది.

“సీమోను గారాండి?”

“కాదండి.”

ఫోన్ చేసింది. మోగుతోంది గానీ ఎత్తడే!

“మాటిచ్చి ఎగ్గొట్టాడు, పెద్దమనిషి!” అని తిట్టుకుంటూ తాళాల కోసం వెనక్కొచ్చింది.

గుంపు దూరం జరిగింది. ఇందాక పడ్డతను వెల్లకిలా ఉన్నాడు. చొక్కా అంతా నీళ్లు.

“పోయాడమ్మా,” అంది మాణిక్యాంబ.

తేజస్వి సీమోనుకి మళ్లీ ఫోన్ కలిపింది.

చనిపోయినవాడి జేబులో మోగింది.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. తెలిసి తెలిసి వదిలేసి పోయింది మరి!

మధ్యాహ్నానికి కబురందుకుని సీమోను అక్క ఏసమ్మ వచ్చింది. తమ్ముడి పక్కనే కూర్చుని ఏడుస్తున్న పిల్లని చూసి, దగ్గరికి తీసుకుంది.

“వాడి తల రికార్డింగులే ఏ ఆస్పత్రిలోనూ తెరుచుకోలేదమ్మా. అందుకే ఆ ప్రోగ్రాం రాసుకున్నాడు. ఒక్కడివే పోవద్దురా, దారిలో ఫిట్సొస్తే ఎట్టా అన్నాను పొద్దున. ‘భయం లేదక్కా, స్టేషన్లో నా కోసం చూసేది ఆ జబ్బు మీద చదివే అమ్మాయే’ అన్నాడు.”

ఏసమ్మ కళ్లు తుడుచుకుంటూ ప్లాట్‌ఫాం అంతా కలయజూసింది.

“ఆ అమ్మాయి రాలేదా తల్లీ?”