ముందు వరసలో తెల్ల గ్లౌజులు

"ఆ గ్లౌజులేటి బావా? పెళ్లి బ్యాండుకి గానీ ఎల్తన్నావేటి?"

గాజువాక కళ్యాణమండపంలో ముందు వరస మధ్య కుర్చీని ఆక్రమించిన పోలిరాజుని ఉమాశంకర్ నిలదీశాడు.

పోలిరాజు తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఉతికినవే బావా. తప్పేటి?"

"అది జడ్జీల వరస. ఎనక్కెల్లి కూకో."

"నాను లెగను. రామయ్యగోరు ఇక్కడే కూకోమన్నారు."

ఉమాశంకర్‌కి ఒళ్లు మండింది. అతను నడిపే నాటక సమాజం బతుకు ఈ సాయంత్రం మీదే ఉంది. పోటీల్లో మొదటి బహుమతి రాకపోతే రిహార్సల్ గదిని జిమ్‌కి ఇచ్చేస్తామని కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటు తేల్చి చెప్పేశాడు. పద్దెనిమిదేళ్లుగా నాటకాలు పుడుతున్న గది అది. ఇంకా నాటకం ఆడకముందే నాలుగు డంబెల్స్ వచ్చి మూలన కూర్చున్నాయి కూడా.

అతను విసవిసా గ్రీన్‌రూమ్‌లోకి నడిచాడు. హీరో అచ్యుతరామయ్య అద్దం ముందు మీసం అంటించుకుంటున్నారు. ఉమాశంకర్ వెళ్లి ఆయనకీ అద్దానికీ మధ్య నిలబడ్డాడు.

"మాస్టారూ, ఆ పోలిరాజుని వెనక్కి పంపించండి. జడ్జీలొచ్చే వేళయింది."

"వాడక్కడ లేకపోతే నేను స్టేజీ ఎక్కనండి."

"ఇదేం సెంటిమెంటండీ బాబూ!"

"ఏదో ఒకటి అనుకోండి. స్టీల్ ప్లాంటులో పాతికేళ్లు పైన నేను క్రేన్ నడిపితే, కింద నిలబడి ఎత్తమనీ దించమనీ చేతులూపింది వాడే. ఒక్కరోజూ లోడు జారలేదు. వాడు కనపడకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవండి."

ఉమాశంకర్‌కి ఒప్పుకోక తప్పలేదు. పోలిరాజు రాని ఒకే ఒక్క రిహార్సల్లో ఈ మహానుభావుడు నాటకాన్ని గంగలో కలిపాడు మరి. చివరి సీనులో, ఇల్లు వదిలి వెళ్లిపోతున్న తండ్రిని కూతురు "నాన్నా" అని పిలుస్తుంది. ఆయన గుమ్మంలో ఆగి వెనక్కి తిరగాలి. కథంతా ఆ ఒక్క మలుపు మీదే నిలబడింది. ఆ రోజు ఆయన అంతకుముందే రెండు డైలాగులు మింగి, చివర్లో గుమ్మం దాటి చక్కా పోయారు. అడిగితే మూడ్ లేదన్నారు.

అసలు ఆయన పద్ధతులే వేరు. తనతో మాట్లాడేవాళ్లంతా తన ఎదురుగా నిలబడే మాట్లాడాలట. గుమ్మం సెట్టు జనం వైపే ఉండాలట. దర్శకుడి మెడలు వంచి సీన్లన్నీ మార్పించారు. ఫోన్ చేస్తే భార్య చేత ఎత్తిస్తారు. పెద్ద నటుణ్నన్న పొగరు, ఇంకేముంది!

"కూకోనీండి సార్," అంది కూతురి వేషం కట్టిన అనూరాధ. "పోలిరాజు బాబాయుంటే మాస్టారు బాగా సేత్తారు."

సరిగ్గా అప్పుడే పక్క వీధిలోకి అమ్మవారి ఊరేగింపు వచ్చింది. లారీ నిండా డీజే పెట్టెలు. స్టేజీ మీదున్న అచ్యుతాపురం వాళ్ల నాటకం ఆ హోరులో కొట్టుకుపోయింది. హీరో ప్రేమగా ఏదో అన్నాడు. హీరోయిన్ "ఆఁ?" అంది. జనం పడీపడీ నవ్వారు.

"అయిపోనాం," అన్నాడు ఉమాశంకర్ తెర పక్కన తల పట్టుకుని.

తర్వాత నాటకం వాళ్లదే. అచ్యుతరామయ్య వచ్చారు. డీజే అన్నదే లేనట్టు మొదలుపెట్టారు. ఒక్క మాట తూలలేదు, ఒక్క అడుగు తొందరపడలేదు. ఆయన్ని చూసి మిగతావాళ్లకీ గుండె నిబ్బరం వచ్చింది. ముందు వరసలో పోలిరాజు మాత్రం కుదురుగా లేడు. దోమలు తోలుకుంటున్నట్టు ఆ తెల్ల గ్లౌజులు కదుపుతూనే ఉన్నాడు. పక్క కుర్చీలోని న్యాయనిర్ణేత రామలక్ష్మమ్మగారు రెండుసార్లు కసిరారు.

చివరి సీను వచ్చింది. తండ్రి సంచీ భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచారు. ఉన్నట్టుండి మైకు కీచుమని అరిచింది. జనం చెవులు మూసుకున్నారు. అనూరాధ తుళ్లిపడింది. మైకు అంతటితో చచ్చిపోయింది. అనూరాధ గొంతు చించుకుని పిలిచింది. నాలుగడుగుల దూరంలో ఉన్న ఉమాశంకర్‌కే ఆ పిలుపు వినపడలేదు. అతను కళ్లు గట్టిగా మూసుకుని, తెరిచాడు.

అచ్యుతరామయ్య గుమ్మంలో ఆగిపోయారు. భుజాలు కుంగాయి. సంచీ జారింది. మెల్లగా వెనక్కి తిరిగారు. ఆ కళ్లలో నీళ్లు చూసి అనూరాధ నిజంగానే ఏడ్చేసింది.

హాలు హాలంతా లేచి నిలబడింది. ఆ చప్పట్ల ముందు డీజే చిన్నబోయింది.

మొదటి బహుమతి వాళ్లదే. "డంబెల్స్ రేప్పొద్దున్నే తీయించేస్తాం," అన్నాడు అసోసియేషన్ ప్రెసిడెంటు. ఉమాశంకర్ ఆనందంతో అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

బాగుచేసిన మైకుని రామలక్ష్మమ్మగారు అందుకున్నారు. "చెవులు చిల్లులు పడే ఆ గోలలో మాకెవ్వరికీ అందని పిలుపు ఆయనొక్కరికే అందింది. తండ్రంటే అలా వినాలి, నటుడంటే అలా వినాలి! ఉత్తమ నటుడు, అచ్యుతరామయ్యగారు!"

ఈలలు, చప్పట్లు. నటుల వరసలో అచ్యుతరామయ్య కదలకుండా కూర్చున్నారు. 'పొగరే పొగరు' అనుకున్నాడు ఉమాశంకర్, ఈసారి ముద్దుగా.

పోలిరాజు లేచి నిలబడి, చూపుడువేలు పైకెత్తి గాల్లో గుండ్రంగా తిప్పాడు. అచ్యుతరామయ్య నవ్వుతూ లేచి స్టేజీ మెట్లెక్కారు.

ఉమాశంకర్ వచ్చి పోలిరాజు భుజం మీద చెయ్యేశాడు. "అదేటి బావా, మైకులో పేరు పిలిసేరు కదా. మళ్లీ నువ్వు సెయ్యూపడమేటి?"

పోలిరాజు గ్లౌజులు తీసి, మడతపెట్టి, జేబులో పెట్టుకున్నాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"రామయ్యగోరికి సెవులినపడక మూడేళ్లయింది బావా."