చూసినవాళ్ళ పేర్లు

"నిన్నటిది ఎవరెవరు చూశారే?" అని అడిగింది అత్త.

"ఎవరెవరు కాదత్తా, ఎంతమంది అని అడగాలి. నలభై ఒక్కరు."

"పేర్లు చదువు."

మేనకోడలు నిట్టూర్చి ఫోను తీసింది. మూడు నెలలుగా ఆ గదిలో పని మొదలయ్యేది ఇలాగే. అత్త ఉన్ని స్వెటర్లు అల్లుతుంది. మేనకోడలు వాటిని ఫోటోలు తీసి, వీడియోలు చేసి లోకం ముందు పెడుతుంది. లోకం వేలితో పైకి తోసేసి ముందుకు పోతుంది.

అత్త పనికి వంక పెట్టగలవాళ్ళు లేరు. ఆవిడది ఎడమచేతివాటం. అందరి అల్లికలో జడలు ఒక వైపుకు తిరిగితే, ఆవిడ అల్లికలో రెండో వైపుకు తిరుగుతాయి. అదే తమ గొప్ప అని మేనకోడలు పేజీకి 'ఎడమ జడ' అని పేరు పెట్టింది. ఉన్న ఉద్యోగం మానేసి ఈ గది అద్దెకు తీసుకుంది. కిటికీకి తెల్లగుడ్డ కట్టింది. వెలుగు కోసం బల్లను పూటకోసారి జరిపింది. ఏ వేళకు పెడితే ఎక్కువమంది చూస్తారో కాగితం మీద రాసి గోడకు అంటించింది. పాట మార్చింది. అక్షరాల రంగు మార్చింది. చివరికి తానే స్వెటరు తొడుక్కుని, ఉక్కపోతలో చెమటలు కక్కుతూ నవ్వింది. అదీ యాభైమందిని దాటలేదు.

కింది వాటా టైలరు ఒకనాడు మెట్ల మీద నిలబడి, తన గడపలో పడుకునే పిల్లిని చూసేవాళ్ళే ఇంతకంటే ఎక్కువని లెక్క తేల్చాడు. "దానికో స్వెటరు తొడగమ్మా, మీ పేజీ గట్టెక్కుతుంది" అన్నాడు. మేనకోడలు ఆ రాత్రి నిజంగానే పిల్లి కొలతలు ఆలోచించింది.

కనబడటం వరకే తమ చేతిలో ఉంది. చూడటం ఎదుటివాళ్ళ చేతిలో ఉంది. ఆ రెండిటి నడుమ కూర్చుని తలుపు తీసేదెవరో, మూసేదెవరో ఆమెకు అంతుపట్టలేదు. తెలిస్తే కాళ్ళావేళ్ళా పడేది. పడటానికి అక్కడ కాళ్ళు కూడా లేవు. అంతా అడవి కాచిన వెన్నెల.

అత్తతో ఇంకో చిక్కు. ప్రతి వీడియోలోనూ వెనక గోడకు ఒక చంటిపిల్లల స్వెటరు తగిలించి ఉండాల్సిందే. వెలిసిన పసుపు రంగు, మోచేతుల దగ్గర సాగిన ఉన్ని. కొత్త సరుకు పక్కన ఆ పాతది ఎందుకనీ, చూసేవాళ్ళ కళ్ళు అటే పోతాయనీ మేనకోడలు ఎన్నోసార్లు చెప్పి చూసింది.

"పోతే పోనీ" అనేది అత్త.

ఆవిడతో వాదన పెట్టుకోవడం మేనకోడలికి చేతకాదు. చిన్న వయసులోనే పుట్టింటికి తిరిగి వచ్చేసిన మనిషి. మెట్టినింటి ఊసు ఆవిడ ఎత్తదు, ఇంట్లో ఎవరూ ఎత్తనివ్వరు. మేనకోడలికి తెలిసిన అత్త, సూదులు పట్టుకున్న అత్తే.

నెలాఖరు దగ్గరపడింది. ఒకటో తారీకున మేనకోడలు మళ్ళీ పాత ఉద్యోగంలో చేరాలి. ఈలోగా ఒక్క మనిషైనా కొంటానని అడిగితే గది ఉంచాలి, లేదంటే గదీ పేజీ రెండూ మూసేయాలి. అదీ ఇద్దరూ అనుకున్న మాట. ఆ స్వెటరు తప్ప ఏనాడూ ఏమీ కోరని అత్త అప్పుడు ఒకటి కోరింది.

"గది పోతే పోయింది. పేజీ మాత్రం తీసెయ్యకే."

"సరుకు లేని కొట్టుకు బోర్డెందుకత్తా?"

అత్త కుట్లు లెక్కపెట్టుకుంది. లెక్క తప్పినట్టుంది, మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం, ఉన్ని ఉండలు అట్టపెట్టెలకు ఎక్కుతుండగా ఫోను మోగింది. మేనకోడలు నిలబడే పైకి చదివింది.

'మీ వీడియోల్లో వెనక కనబడే పసుపు స్వెటరు అమ్ముతారా? అచ్చం అలాంటిదే నా దగ్గర ఒకటుంది. జడలు కూడా ఎడమకే.'

మూడు నెలలకు ఒక్కరు అడిగారు. పాతది కాబట్టి అదే తీరులో కొత్తది అల్లి ఇస్తామని రాద్దామంది మేనకోడలు. గది ఉంచేద్దామంది. పెట్టెలోంచి రెండు ఉండలు తీసి మళ్ళీ బల్ల మీద కూడా పెట్టేసింది.

"ఇలా తే" అంది అత్త.

ఫోను ఎన్నడూ ముట్టుకోని మనిషి. తెర మీద ఆ పేరు పక్కనున్న చిన్న బొమ్మను చాలాసేపు చూసింది. తరువాత ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, రెండు మాటలు రాసి పంపింది.

మేనకోడలు తొంగి చూసింది.

'నేను అమ్మను.'

"ఇదేం పని అత్తా? నోటిదాకా వచ్చిన కూడు నేలపాలు చేశావు. అమ్మను అని మొహం మీదే చెప్పేస్తే ఇంకెవరైనా మన గుమ్మం తొక్కుతారా?"

అత్త గోడకున్న పసుపు స్వెటరు వైపు తిరిగింది.

ఈలోపు జవాబు రానే వచ్చింది.

'సరేనండీ. అమ్మనిదాన్ని అలా నలుగురికీ కనబడేలా తగిలించకండి. ఆశ పుడుతుంది.'

మేనకోడలు ఫోను అందుకుని, పొరపాటైందనీ, ఎలా కావాలంటే అలా అల్లి ఇస్తామనీ గబగబా రాసింది. అది వెళ్ళలేదు. అవతలివాళ్ళు అప్పటికే బ్లాక్ చేశారు.

ఏడాది నిండకముందే మెట్టినింటివాళ్ళు ఒడిలోంచి లాక్కుపోయిన కూతురికి, పాతికేళ్ళ తరువాత, తాను ఏమవుతుందో ఆ రెండు మాటల్లో రాసింది అత్త.