నీ ముద్ర ఉన్న గుర్రం

తోరీబియో,

పదకొండేళ్లయినా నీ మాట నాకింకా మండుతూనే ఉంది. మా ముసలి గుర్రాన్ని కబేళా లారీకి అమ్మానని, నేనందించిన మాతె కషాయం తోసేసి నలుగురిలో అన్నావు: "నిన్ను మోసినదాన్ని విదేశీ దొరల కంచంలోకి పంపావు కదరా! నాదైతే చచ్చేదాకా స్వేచ్ఛగా తిరుగుతుంది."

తిరుగుతోంది నీ గుర్రం. పంపా గడ్డి మైదానమంతా ఎండిన ఈ కరువులో దాన్ని రోడ్డు మీదికి తోలేశావు. తొడ మీద కాల్చి వేసిన నీ ముద్ర, ఎముకల మీద తోలు మిగిలాయి.

వచ్చి మా గేటు ముందే నిలబడింది.

"సోమవారం కబేళా లారీ వస్తుందిగా, వాళ్లే పట్టుకుపోతారులే" అంది మా ఆవిడ.

"నువ్వు నోర్ముయ్" అన్నాను.

నా చేతిలో మొక్కజొన్న తింటుంది గానీ, ఎంత పిలిచినా లోపలికి రాదు. ఆదివారంలోగా జవాబు రాయి: దాన్ని ఏ పేరు పెట్టి పిలిచేవాడివి?

బౌదీలియో