తువ్వాల మీద రెండు మరకలు

సాయన్న పసుపు కొమ్ముల బస్తాతో దొరికిపోయాడు. బస్తా అతనిది కాదు, ఆర్మూర్ మార్కెట్లో అతను హమాలీ చేసే భూమేశ్వర్ సేటు అడ్తి దుకాణానిది. దొరికిన సంగతి సరే, తప్పించుకునే తెలివి చూడండి.

పోలీసు జీపు ఎక్కగానే జేబులోంచి తంబాకు సున్నం డబ్బీ తీశాడు. చొక్కా దులిపితే రాలిన పసుపును అందులో కలిపి పుక్కిట పెట్టుకున్నాడు. దిష్టి నీళ్లకు ఎర్రరంగు ఎట్లా వస్తుందో పసుపు మోసేవాడికి ఒకరు చెప్పాలా? తెల్ల తువ్వాలలోకి ఖళ్లుమని దగ్గి ఉమ్మాడు.

"సార్, నెత్తురు పడుతున్నది! సచ్చిపోతున్న!"

కానిస్టేబుల్ హడలిపోయి జీపును దవాఖానకు తిప్పించాడు. అక్కడి వెనక గోడ దూకడం సాయన్నకు చిటికెలో పని.

జీపు దిగేసరికి పుక్కిట్లో సరుకు అయిపోయింది. అయినా ఇంకో దగ్గు దానంతటదే తన్నుకొచ్చింది. కలిసొచ్చిందిలే అనుకుని తువ్వాల ఇంకో కొసన ఉమ్మి, చూడకుండానే మడిచేశాడు.

తీరా చూస్తే డ్యూటీ డాక్టర్ అంకిత. సేటు కూతురే!

ఆమె మాత్రం అతని వేలికి క్లిప్పు తగిలించి, అంకె చూసి, గబగబా ఆక్సిజన్ మాస్కు పెట్టింది.

"ఏ పక్క నొస్తున్నది?"

"ఎడమ పక్కమ్మా." కొన్నాళ్లుగా కలుక్కుమంటున్న పక్కే చెప్పాడు. అబద్ధంలో కాస్త నిజం కలిస్తే బాగా అతుకుతుందని.

"అయితే గా పక్కకే ఒత్తిగిల్లి పండుకో. నెత్తురు మంచి ఊపిరితిత్తిలకు పోకుండ ఉంటది."

అంతలో భూమేశ్వర్ ఊడిపడ్డాడు. "బిడ్డా, గీడు దొంగ! మన మార్కెట్ దుమ్ముల దగ్గనోడెవడు? జర నిమ్మకాయ తెప్పియ్యి, వీని నెత్తురు సంగతి చూపిస్త!"

క్యాంటీన్ నుంచి నిమ్మకాయ వచ్చింది. సేటు తువ్వాల పైమరక మీద చెక్క పిండాడు. ఎర్రటి మరక కాస్తా చూస్తుండగానే పసుపురంగుకు తిరిగింది. కానిస్టేబుల్ పగలబడి నవ్వాడు.

"నడువుర స్టేషన్‌కు!"

సాయన్న సిగ్గుతో మాస్కు తీయబోయాడు. "అంత యాక్టింగేనమ్మా, మాఫ్ చెయ్యి."

అంకిత నవ్వలేదు. మాస్కు మళ్లీ సర్ది, తువ్వాల మడత విప్పింది. నురగ తేలిన రెండో మరక మీద మిగిలిన చెక్క మొత్తం పిండి, అందరి ముందూ పెట్టింది.

"గా పక్క నుంచి కదలకు సాయన్నా," అంది. "గీ మరక పసుపైతలేదు."