మతిమరుపు మారాజు కుర్చీ

"లేవండి బామ్మగారూ! అది మతిమరుపు మారాజు కుర్చీ."

ముందు వరుసలో కూర్చున్న ముసలావిడ తలెత్తి చూసింది. ఒళ్లో గుండ్రటి రేకు డబ్బా ఉంది.

"ఎవరా మారాజు?"

సినిమా హాలు యజమాని ఆర్లిన్ ఉత్సాహంగా అందుకున్నాడు. నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్లో ఈ కథ చెప్పుకునే అవకాశం అతనికి ఏడాదికోసారే వస్తుంది మరి.

"ఈ సినిమా సొంతదారండీ. సినిమా వచ్చిన ఇరవై ఎనిమిదో ఏట హక్కులు మళ్లీ రాయించుకోవాలి. మహానుభావుడు మర్చిపోయాడు! సినిమా అందరి సొత్తయిపోయింది. అందుకే ఏటా ఉచితంగా వేసి, ఆయన పేర ఓ కుర్చీ వదిలి, కాగితం కిరీటం పెడతాం."

"మర్చిపోయారని ఎవరన్నారు? జనం చూడాలని వదిలేసి ఉండొచ్చుగా."

"సొంత ఆస్తిని ఎవరు వదులుకుంటారండీ!"

హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వి, పక్క కుర్చీలోకి జరిగింది.

సినిమా మొదలైంది.

ఆర్లిన్ బెంగల్లా ఒక్కటే. అందరి సొత్తయిన సినిమాను భద్రంగా దాచే నాథుడు లేడు. దొరికిన ఒక్క ప్రతిలో చివరి రీలు లేదు. పెళ్లికొడుకు చర్చిలోంచి పారిపోయే చోట బొమ్మ ఆగిపోతుంది. ఆ తర్వాతేమైందో చూడకుండానే పోతానేమోనని అతని భయం.

"ఇప్పుడు మామ కేకులో పడతాడు," అంది ముసలావిడ గట్టిగా.

పడ్డాడు.

"ఇప్పుడు కుక్క ఉంగరం మింగుతుంది."

మింగింది.

"ఆవిణ్ణి ఆపవయ్యా ఆర్లిన్!" వెనక నుంచి కేకలు.

ఆర్లిన్ వచ్చాడు. "కథ ముందే చెప్పకూడదు బామ్మగారూ. పైగా బయటి తిండి లోపలికి తేకూడదు. ఆ బిస్కెట్ డబ్బాతో సహా దయచేయండి."

"బిస్కెట్లు కావు నాయనా, ఇది నీ కోసమే..."

"నాకు షుగరండీ!"

ఆవిడ డబ్బాను సంచిలో పెట్టుకుంది. మారాజు కుర్చీకున్న కాగితం కిరీటం తీసి నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది.

బొమ్మ ఎప్పట్లాగే చర్చి గుమ్మం దగ్గర ఆగింది. జనం ఎప్పట్లాగే ముగింపు గురించి వాదించుకున్నారు.

పాప్‌కార్న్ అమ్మే మర్ల్ లోపలికి తొంగిచూశాడు. "చివరి రీలు వెయ్యవేం?"

"ఏ రీలు?"

"ఆ పెద్దావిడ తెచ్చిందిగా! వస్తూ డబ్బా మూత తీసి నాకు చూపించింది. నీకివ్వలేదూ?"

ఆర్లిన్ బస్టాండుకు పరిగెత్తాడు. వెళ్లిపోతున్న బస్సు కిటికీలో కాగితం కిరీటం కనిపించింది.

ఆయాసపడుతూ తిరిగొచ్చాడు. "పేరేమైనా చెప్పిందా మర్ల్?"

"పేరు చెప్పలేదు గానీ, 'నా కుర్చీలోంచి నన్నే లేపాడయ్యా మీవాడు' అని వెళ్తూ తెగ నవ్వింది."