వెనక అడుగుల చప్పుడు

కుట్టుపిన్ని మెట్టు మీద ఆగింది.

వెనక చెప్పుల చప్పుడూ ఆగింది.

నాలుగో అంతస్తులో కొత్తగా దిగిన గడ్డమాయన మళ్ళీ వెనకే ఉన్నాడు.

ఆమె బట్టలు కుట్టే దుకాణం కింద, ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. కుడి మోకాలి కీలు అరిగిందని డాక్టరు చెప్పినప్పటినుంచి ఆమెకు ఆ మెట్లంటేనే హడలు. ఆ మోకాలు ఎప్పుడు మొరాయిస్తుందో దానికే తెలియదు. పడితే మంచం, మంచమెక్కితే దుకాణానికి తాళం. ఆ భయం చాలదన్నట్టు ఇప్పుడీ మనిషొకడు.

“ముందుకెళ్ళండి బాబూ, నాది నత్తనడక,” అంది గోడకు ఒదిగి.

“పర్లేదండీ, మీరు నడవండి.”

పక్కనుంచి ఇద్దరు పోయేంత చోటుంది. అయినా దాటిపోడు!

పొద్దున దిగేటప్పుడు మరీ ఘోరం. ఈమె తలుపు చప్పుడు వినగానే పైనుంచి గబగబా వచ్చి దాటేస్తాడు. ఆపైన నత్తకన్నా నెమ్మదిగా ముందు నడుస్తూ, మాటిమాటికీ తల తిప్పి ఈమెనే చూస్తాడు.

“నా మెళ్ళో గొలుసు మీదే వాడి కన్ను,” అంది కోడలితో. “భయంతో చచ్చిపోతున్నానే.”

“ఊరుకుంటే ఎలా అత్తయ్యా! ఓనరుగారికి చెబుదాం.”

ఓనరు ముందూ వెనకా చూసే రకం కాదు. వారం తిరక్కుండానే గడ్డమాయన పెట్టె సర్దుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ మూడో అంతస్తులో ఆగాడు. కుట్టుపిన్ని ఓరగా తీసిన తలుపు వెనక నక్కి చూసింది.

“మెట్ల కడ్డీ వదలకండి పిన్నిగారూ,” అన్నాడంతే.

బెదిరిస్తున్నాడనుకుని ఆమె గడియ బిగించేసింది.

మర్నాడు సాయంత్రం, పీడ విరగడైందని హాయిగా మెట్లెక్కుతుంటే మోకాలు మొరాయించింది. వెనక ఎవరూ లేరు. మలుపు దాకా దొర్లుకుంటూ పోయింది. మణికట్టు విరిగింది.

ఆ తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికి రావడం మొదలుపెట్టింది.

“మళ్ళీ మెట్లా? నా వల్ల కాదు తల్లీ!”

“భయపడి కూర్చుంటే మోకాలు ఇంకా బిగుసుకుపోతుంది పిన్నిగారూ. అరిగినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. తొడలకి బలం వస్తే మోకాలికి భారం తగ్గుతుంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. రండి, చూపిస్తా.”

కోడలినీ మెట్ల దగ్గరికి పిలిచింది.

“అత్తగారు ఎక్కేటప్పుడు మీరు వెనక ఉండాలి. దిగేటప్పుడు ముందుండాలి.”

“పక్కన నడిస్తే చాలదా?”

“తూలితే మనిషి పడేది కిందికే కదండీ! పట్టుకోవాలనుకునేవాళ్ళు ఎప్పుడూ ఒక మెట్టు కింద ఉండాలి.”

కుట్టుపిన్ని కడ్డీ పట్టుకున్నచోటే నిలబడిపోయింది.

“ఏమైంది అత్తయ్యా, నొప్పా?”

ఆమె కళ్ళు కోడలి కాళ్ళ దగ్గరే ఆగిపోయాయి. తను వెళ్ళగొట్టించిన మనిషి అన్నాళ్ళూ ఉన్నది ఆ కింది మెట్టు మీదే.