చెవులకు కాయలు

"వెదురు విల్లు పారేసి కప్పీల విల్లు కొన్నావు. బాణాలు మార్చావు. వేలి తొడుగూ మార్చావు. ఇంకేం మారుస్తావు కుంజాంగ్, ఊరా?"

ఛుబర్ ఊరి విలుకాళ్ళ జట్టుకు పెద్ద, అందరూ గౌరవంగా 'ఆప్' అని పిలిచే గాల్యే అడిగిన తీరుకు కుంజాంగ్ తల దించుకున్నాడు. పొరుగూరు జంగ్‌ఖాతో ఆ రోజు జరిగిన పందెంలో అతను ఇరవై బాణాలు వేస్తే ఒక్కటీ గురిచెక్కకు తగల్లేదు. ఒకటి మాత్రం వంటల దగ్గర మిరపకాయల కూర గిన్నెకు తగిలింది.

"చెయ్యి బాగానే ఉంటుంది ఆప్. జంగ్‌ఖా ఆడవాళ్ళు నోరు విప్పాకే వణుకుతుంది."

"ఏమన్నారేంటి?"

"నా ముఖం ఉడకని మోమోలా ఉందన్నారు."

గాల్యే ఆ ముఖాన్ని కాసేపు పరీక్షగా చూశాడు. "సరే, అది వదిలెయ్."

హా అనే ఆ కొండలోయలో పందెమంటే అంతే. నూట నలభై మీటర్ల అవతల మూరెడు వెడల్పు కూడా లేని చెక్క. ఇవతల, విల్లు లాగేవాడి పక్కనే, ఎదుటి ఊరి ఆడవాళ్ళు ఆడుతూ పాడుతూ వాడి పరువు తీస్తుంటారు. కుంజాంగ్ మీదైతే పాటే కట్టారు. 'కుంజాంగ్ బాణం వస్తోంది, చెక్క ముందు నిలబడండి, అక్కడైతే క్షేమం' అని. ఆ పాటను తన భార్య వంట చేసుకుంటూ కూనిరాగం తీయడం విన్ననాడు అతనికి ముద్ద దిగలేదు.

"వేళ్ళకు కాయలు కాశాయి కదా, చెవులకూ కాయాలి," అన్నాడు గాల్యే. "ఆమ్ చిమీ ఇంటి కింద బీడు ఉంది చూడు. రోజూ పొద్దున్నే అక్కడ సాధన చెయ్. పక్కన నిలబడి తిట్టమని ఆమెతో నేను చెబుతాను. ఆ నోటిని తట్టుకోలేకే ఆమె మొగుడు మూడేళ్ళ ధ్యానానికని కొండెక్కాడు. మూడేళ్ళయ్యాక ఇంకో మూడేళ్ళు అడిగాడు."

"ఒప్పుకుంటుందా?"

"చూద్దాం. మూడు నెలల్లో మళ్ళీ పందెం. ఈసారీ తప్పితే నువ్వు జట్టుకు టీ పోస్తావు, అంతే."

కుంజాంగ్ ఆ ఊరికి ఇల్లరికం వచ్చినవాడు. 'అమ్మ' అన్నట్టు అందరూ 'ఆమ్' అని పిలిచే చిమీని దూరం నుంచి చూడటమే తప్ప మాట్లాడి ఎరగడు. మర్నాడు పొద్దున్నే ఆ బీడులో మొదటి బాణం వేశాడో లేదో, పైన తలుపు తెరుచుకుంది.

"ఎవడ్రా అది? కళ్ళు ఇంట్లో పెట్టి విల్లొక్కటే తెచ్చుకున్నావా?"

ఆప్ గాల్యే మాటంటే మాటే అనుకుని కుంజాంగ్ వినయంగా వంగి దండం పెట్టాడు. రెండో బాణం కంచె దాటిపోయింది.

"నా ముల్లంగి మడిలో బాణాలు నాటుతున్నావా? మొలుస్తాయా అవి? ఆ విల్లుకు చక్రాలున్నాయిగా, తొక్కుకుంటూ ఇంటికి పో."

కుంజాంగ్ మూడో బాణమూ కంచె దాటించాడు. మనసు మాత్రం పొంగింది. ఇంత నిండుగా తిట్టే గురువు ఎవరికి దొరుకుతుంది?

మడిలో పడ్డ బాణాల్ని ఆమె తిరిగివ్వలేదు. బాణం విలువ తెలియాలని కాబోలు అనుకున్నాడు. మూడో వారం, సరిగ్గా అతను నారి లాగిన క్షణంలో, కుళ్ళిన ముల్లంగి ఒకటి వచ్చి చెవికి తగిలింది. పై తరగతి పాఠం మొదలైందని సంతోషించాడు. ఆమె గురి చూసి కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

రోజూ వచ్చేటప్పుడొక దండం, పోయేటప్పుడొక దండం.

"తిడుతుంటే దండాలు పెడతాడేంట్రా వీడు? వీడి తల్లి వీణ్ణి ఏ కొండ మీంచి జారవిడిచిందో."

రెండో నెలకు ఆ గొంతు అతనికి ఏటి హోరులా అయిపోయింది. ఊపిరి పీల్చి సగం వదిలేవాడు. హోరు వెనక్కి జరిగేది. చెక్క ఒక్కటే మిగిలేది. బాణాలు తగలసాగాయి.

"పొద్దున్నే టప్పుటప్పుమని ఏంటా చప్పుడు? నా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి."

మెచ్చుకుంటే శిష్యుడు చెడిపోతాడని అప్పుడు కూడా తిడుతోంది మహాతల్లి. కుంజాంగ్ కళ్ళు చెమ్మగిల్లాయి.

పందెం రోజు జంగ్‌ఖా ఆడవాళ్ళు అతన్ని చూడగానే పాట ఎత్తుకున్నారు.

"మోమో వచ్చింది, ఇంకా ఉడకలేదు."

"అంతేనా?" అన్నాడు కుంజాంగ్, కొంచెం నిరాశగా. బాణం వదిలాడు. తగిలింది.

మధ్యాహ్నానికి అతని నడుముకు ఆరు రంగుగుడ్డలు వేలాడుతున్నాయి, దెబ్బకొకటి. చివరికి రెండు ఊళ్ళూ సమానంగా నిలిచాయి. కుంజాంగ్ చేతిలో ఒక్క బాణం మిగిలింది. గాల్యే కళ్ళు మూసుకుని జపం చేస్తున్నాడు. జంగ్‌ఖా ఆడవాళ్ళలో గడుసుది ఒకతె దాదాపు కుంజాంగ్ చెవిలోనే అంది.

"నీ పెళ్ళాం కూడా మా పాటే పాడుతుందటగా?"

అది నిజం. నిజం కాబట్టి గుండెలో కలుక్కుమంది. వేళ్ళు ఒక్కసారి తడబడ్డాయి. కుంజాంగ్ ఊపిరి పీల్చి సగం వదిలాడు. ఆమ్ చిమీ నోటి ముందు ఇది జోలపాట. బాణం వెళ్ళి చెక్క నడిబొడ్డున దిగింది. ఐదేళ్ళ తర్వాత ఛుబర్ గెలిచింది. గెంతుతున్న జనంలో అతని భార్య కొత్త పాట ఎత్తుకుంది. అందులోనూ అతని పేరే ఉంది.

మర్నాడు కుంజాంగ్ వెన్నముద్ద, ఎండు జున్ను, నేత చీర పళ్ళెంలో పెట్టుకుని ఆమ్ చిమీ ఇంటికి వెళ్ళాడు. గడప దగ్గర మూడుసార్లు సాష్టాంగపడ్డాడు.

"మూడు నెలలు ఒక్క పూట మానకుండా నా కోసం గొంతు పోగొట్టుకున్నారు ఆమ్. ఆప్ గాల్యే అడగ్గానే కాదనకుండా ఇంత శ్రమ పడ్డారు. కన్నతల్లి కూడా ఇలా తిట్టదు."

ఆమ్ చిమీ చీర అంచు వేళ్ళతో నలిపి చూసింది. వెన్న వాసన చూసింది. అతన్ని పైనుంచి కిందికి చూసింది. మూడు నెలల్లో మొదటిసారి ఆమె గొంతు మెత్తబడింది.

"గాల్యే నన్నేమీ అడగలేదు నాయనా."